కూలర్ చెప్పులు

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక కోట ఉంది, కోట గుమ్మాన ఒక పతాకం ఉంది, ఆ పతాకాన్ని నా చేతులతోనే ఎగరేసి నా చేతులతోనే దించాల్సి వచ్చిన ఒక మండుటెండ మధ్యాహ్నం ఉంది. నమ్మకం ఉంది, ద్రోహం ఉంది. ఒక ఆడపిల్ల ప్రాణం రెండు క్షణాలపాటు ఎటూ తేలకుండా వేలాడిన ఘట్టం కూడా ఉంది.

ఇలా మొదలుపెట్టాలని ఆ ఉద్యోగం పోయిన రోజు నుంచీ అనుకుంటున్నాను. కానీ కోట అంటే స్మృతి నగర్‌లో ఒక డాబా ఇల్లు. పతాకం అంటే అడుగున్నర పొడవున్న రేకు బోర్డు. మిగిలిందంతా ఒక ఎయిర్ కూలర్ గురించి. అంచనాలు ఇక్కడే తగ్గించుకుంటే మనిద్దరికీ మంచిది.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళకి మామూలుగా తెల్లజుట్టు, పెన్షను పుస్తకం ఉంటాయి. నాకు రెండూ లేవు. ఇరవై ఎనిమిదేళ్ళకే రిటైరయ్యాను. ఇంకా నిజం చెప్పాలంటే నేను కుర్చీలోనే ఉన్నాను, ఆఫీసే లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడిప్పుడే ఎక్కడో మొదటి ఉద్యోగంలో చేరి, మెడలో ఐడీ కార్డు వేసుకుని అద్దంలో చూసుకుంటున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట చెబుదామని రాస్తున్నాను. ఆ మాట చివర్లో వస్తుంది. గొప్ప మాటేమీ కాదు.

మా భిలాయిలో ఇంటి యజమాని అనే జాతి కాస్త ఆలస్యంగా పుట్టింది. మా నాన్నల తరమంతా స్టీలు ప్లాంటు క్వార్టర్లలో బతికింది. గోడ ప్లాంటుది, కుళాయి ప్లాంటుది, కిటికీ రెక్క ఊడితే ఫిర్యాదు రాసే రిజిస్టరూ ప్లాంటుదే. రిటైరయ్యాక వాళ్ళంతా స్మృతి నగర్‌లోనో, రుఆబాంధా దాటాకనో ఇళ్ళు కట్టుకుని, మేడ మీద గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. యజమాని అనేవాడు ఎలా ఉండాలో వాళ్ళకి తెలిసిన నమూనా ఒక్కటే, ప్లాంటు. ఒక రిటైర్డ్ ఫోర్‌మన్‌గారు గది తాళంతోపాటు కుర్రాళ్ళకి అలాట్‌మెంట్ ఆర్డరు ఇచ్చేవారు. కుళాయి కట్టకుండా వెళ్ళినందుకు ఒకడికి ఛార్జిషీటు ఇచ్చారు. వాడు సంజాయిషీ రాసుకున్నాడు. ఆయన దాన్ని 'సంతృప్తికరముగా లేదు' అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. ఒకరు కింద, ఒకరు పైన. మధ్యలో పద్దెనిమిది మెట్లు.

ఇలాంటి పరిస్థితుల్లో మా కాలనీ సంఘం వాళ్ళు ఒక పథకం పెట్టారు. నా ఉద్యోగం అందులోనే. ఇంటి యజమానుల స్వచ్ఛంద గుర్తింపు పథకం. అద్దెకిచ్చేవాళ్ళు తమంతట తాము వచ్చి ఒక నిబంధనల పత్రం మీద సంతకం పెట్టాలి. రాతపూర్వకంగా ఒప్పందం రాసుకుంటాం, అడ్వాన్సు తిరిగిస్తాం, తలుపు కొట్టకుండా గదిలోకి రాం, ఇల్లు సురక్షితంగా ఉంచుతాం, ఇలాంటివి. మేం వెళ్ళి తనిఖీ చేసి, అన్నీ సరిగా ఉంటే గేటుకి ఒక ఆకుపచ్చ బోర్డు బిగిస్తాం. 'మాన్యతా ప్రాప్త్ మకాన్ మాలిక్' అని హిందీలో ఉంటుంది, గుర్తింపు పొందిన ఇంటి యజమాని అని. బయటూళ్ళ నుంచి చదువులకీ ఉద్యోగాలకీ పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఆ బోర్డు చూసి నమ్ముతారు. అదీ ఆలోచన.

ఇందులో 'స్వచ్ఛంద' అనే మాట ముఖ్యమైనది. ఎవరినీ బలవంతం చేయం అని దానర్థం. ఆచరణలో, ఎవరూ రారు అని దానర్థం. మొదటి మూడు నెలలు మా ఆఫీసుకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కింద అంతస్తులో ఉన్న పళ్ళ డాక్టరు కోసం దారితప్పి వచ్చినవాళ్ళు.

ఆఫీసులో మేం ముగ్గురం. మా పెద్దాయన ప్లాంటులో సేఫ్టీ విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన విజయనగరం మనిషి. మెట్లు దిగేటప్పుడు రైలింగు పట్టుకోకపోతే వెనక్కి పిలిచి మళ్ళీ దిగమనేవారు. పళ్ళ డాక్టరు పేషెంట్లని కూడా. రెండోవారు దీదీ. ఛత్తీస్‌గఢ్ మనిషి, అద్దెకున్నవాళ్ళతో మాట్లాడడం ఆవిడ పని. ఏ ఇంట్లో ఏ గది అమ్మాయి ఎందుకు ఏడ్చిందో ఆవిడకి ఫైలు తెరవకుండానే తెలిసేది. మూడోవాణ్ణి నేను. తనిఖీ అధికారిని. ఆ హోదాకి ఒక క్లిప్‌బోర్డు, ఒక స్క్రూడ్రైవరు ఇచ్చారు.

ఇక ఆ కోటకి, అంటే నేను పిన్ని అని పిలిచే ఒకావిడ ఇంటికొద్దాం.

ఆవిడంతట ఆవిడే ఆఫీసుకి వచ్చి దరఖాస్తు పెట్టుకున్న అరుదైన మనిషి. భర్త ప్లాంటులో క్రేను నడిపేవాడు. రిటైరై ఇల్లు కట్టి, రంగులు పూర్తికాకుండానే పోయాడు. పిల్లల్లేరు. మేడ మీద మూడు గదులున్నాయి. ఆ గదుల్లో ఆడపిల్లలుంటేనే ఆవిడ ఇల్లు గడుస్తుంది. బోర్డు ఉంటేనే తల్లిదండ్రులు పంపిస్తున్నారు. ఆవిడకి బోర్డు అవసరం అంత సూటిగా ఉంది.

తనిఖీకి వెళ్ళినరోజు "నమస్తే ఆంటీ" అన్నాను.

"ఆంటీ ఏటి బాబూ, పిన్నీ అను. మీ అమ్మగారిదే ఊరు?"

"బొబ్బిలి దగ్గరండి."

"మరింకేటి! మాది పార్వతీపురం పక్క. మావోడివే నువ్వు. కూకో, ఉప్మా తిందువు గాని."

తనిఖీ అధికారి తనిఖీ చేసే ఇంట్లో ఏమీ తినకూడదని మా నియమావళిలో ఉంది. నేనే టైపు చేశాను. ఉప్మాలో జీడిపప్పు వేశారు.

తర్వాత పైకి వెళ్ళాం. గదులు అద్దంలా ఉన్నాయి. మంచాలు, పరుపులు, తలుపుకి లోపల గడియ, కిటికీకి బయట వట్టివేళ్ళ తడికలతో ఇనప కూలరు. ప్రతి కూలరు ముందూ నేల మీద ఒక జత నీలం రంగు హవాయి చెప్పులు, ముక్కులు కూలరు వైపు పెట్టి, పక్కపక్కన.

ఇక్కడ బయటూరి పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో కూలర్ చెప్పులు అనేవి ఉంటాయి. ఇనప కూలరు ముట్టుకుంటే జుమ్మంటుంది. అందుకని చెప్పులు వేసుకుని ముట్టుకోవాలి. ఆ చెప్పులు బయటికి వేసుకెళ్ళడానికి కాదు, బాత్రూముకీ కాదు. వాటి జీవితమంతా కూలరు ముందే గడిచిపోతుంది. మా ఇంట్లో ఉండేవి, పక్కింట్లో ఉండేవి, మా స్కూల్లో హెడ్మిస్ట్రెస్ గదిలో ఉండేవి. ఎండాకాలం మొదట్లో అటక మీంచి కూలరు దింపగానే మా అమ్మ రెండు పనులు చేసేది, తడికలు మార్చడం, చెప్పులు వెతకడం. నాకు నడక వచ్చాక నేర్పిన మొదటి నియమాల్లో ఒకటి అది. నిప్పు కాలుస్తుంది, కత్తి కోస్తుంది, కూలరు కొడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కూలరు స్వభావం అది.

కాబట్టి ఆ చెప్పుల్ని చూసి నాకు ముచ్చటేసింది.

"కొత్తవి పిన్నీ?" అన్నాను.

"మరి! గదికో జత కొనీసినాను. పిల్లలు ఆళ్ళ చెప్పులు ఆళ్ళు తెచ్చుకోవాలంటే మరిచిపోతారు కదేటి. ఎవరి పిల్లలైతేనేటి, మన బాధ్యత."

పత్రంలో పదకొండో అంశం దగ్గరికి వచ్చాను. 'విద్యుత్ ఉపకరణాల వద్ద తగిన జాగ్రత్తలు ఉన్నవా?' నేను రాసిన జవాబు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎందుకు గుర్తుందో కాసేపట్లో చెబుతాను. ఆ సాయంత్రమే పెద్దాయన చదివి సంతకం పెట్టారు. మర్నాడు పిన్ని గేటుకి నాలుగు స్క్రూలతో బోర్డు బిగించాను. ఆవిడ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొడతానంటే, రేకు సొట్టపోతుందని ఆపాను.

ఏడాది తిరక్కుండానే, మే నెలలో ఒక పొద్దున ఒక అమ్మాయి మా మెట్లెక్కింది. కుడిచేతి మణికట్టుకి కట్టు. పళ్ళ డాక్టరు కింద అని దీదీ వేలు చూపించబోతే, "కాదండీ, మీ దగ్గరికే వచ్చానండి" అంది. గోదావరి వైపు పిల్ల. ఇక్కడ ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. వచ్చి పది రోజులైంది. పిన్ని ఇంట్లో మధ్య గది.

"తలస్నానం చేసొచ్చి, కూలర్ గాలి మంచం వైపు తిప్పుదామని దాని రెక్కల మీద చెయ్యి పెట్టానండి" అంది. "చెయ్యి వెనక్కి రాలేదండి. అరుద్దామంటే నోరు పెగల్లేదు. పక్కగది అమ్మాయి చూసి స్విచ్చి కట్టేసింది. కట్టేయగానే వెనక్కి పడ్డాను, మంచం కోడుకి తగిలి ఇది విరిగింది."

"చెప్పులు?" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదీ.

"ఏం చెప్పులండి?"

"కూలర్ ముందు నీలం చెప్పులుంటాయి కదా?"

"అవాండి? కొత్తవి కదాని తీసి సంచిలో దాచుకున్నానండి, వానాకాలం వేసుకోవచ్చని. పిన్నిగారు ప్రేమగా ఇచ్చారనుకున్నాను."

దీదీకి విషయం హిందీలో చెబితే ఆవిడ నిట్టూర్చింది. "అరే బేటీ, కూలర్ మే కరెంట్ తో ఆతా హీ హై నా!" కూలరన్నాక కరెంటు వస్తుంది కదా తల్లీ, అని. వర్షాకాలంలో వాన వస్తుంది అన్నంత మామూలుగా.

ఆ అమ్మాయి మా ముగ్గురి వైపు ఒక్కొక్కరిగా చూసింది. "మా నాన్నగారు మీ బోర్డు ఫొటో చూసే నన్నక్కడ ఉండనిచ్చారండి. బోర్డు ఇచ్చే ముందు ఆ కూలర్ చూశారా, చూడలేదా? అదొక్కటి చెప్పండి చాలు."

పెద్దాయన లేచి బీరువాలోంచి ఫైలు తీశారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. పదకొండో అంశం పైకి చదివారు.

"తగిన జాగ్రత్తలు ఉన్నవి. ప్రతి కూలర్ వద్ద ఒక జత రబ్బరు చెప్పులు కలవు. యజమానురాలి శ్రద్ధ ప్రశంసనీయం."

కింద రెండు సంతకాలు. ఒకటి నాది, ఒకటి ఆయనది.

"చూశామమ్మా" అన్నారాయన.

"అయితే కూలర్‌కి చెప్పులెందుకో మీకు అనుమానం రాలేదా అండి?"

మా ముగ్గురి వయసూ కలిపితే నూట ముప్ఫై పైనే ఉంటుంది. అన్నేళ్ళలో ఒక్కరికీ రాలేదు. వాతావరణం తేలిక చేద్దామని నేను, "చెప్పులు మాత్రం మంచి కంపెనీవేనండి" అన్నాను. ఆ అమ్మాయి కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంది. నోట్లోంచి వచ్చాక వెనక్కి లాక్కోవాలనిపించిన జోకులు నా జీవితంలో చాలానే ఉన్నాయి. వాటన్నిటిలోకీ పెద్దది అదే.

పెద్దాయన ఫోను తీసి భార్యకి చేశారు. చెవి సరిగా వినపడదు గనక స్పీకర్లో పెడతారు.

"ఇదిగో, మన హాల్లో కూలరు దగ్గర చెప్పులున్నాయేటి?"

"ఉన్నాయి, మీ పాతవే. ఏటి, ఇప్పుడు ఆఫీసుకి కావాలేటి?"

ఆయన ఫోను పెట్టేశారు. "ప్లాంట్లో ఒక్క వైరు తొడుగు చినిగిందని ఒకసారి లైనంతా ఆపించీసినానయ్యా" అన్నారు, నా వైపు చూడకుండా. "ఇంటికెళ్ళి చెప్పులేసుకుని అదే చేత్తో కూలర్లో నీళ్ళు పోసీవోణ్ణి."

తర్వాత స్క్రూడ్రైవరు నా ముందుకి జరిపారు. "బోర్డు దించు. ఈరోజే."

"సార్, పిన్ని..."

"పిన్నేటి? ఫైల్లో దరఖాస్తుదారు అని ఉంది."

"ఆవిడకి మూడో గది ఖాళీగా ఉంది సార్. ఈ అమ్మాయి కూడా వెళ్ళిపోతే, బోర్డూ లేకపోతే ఇంకెవరూ రారు. రిపేరు చేయించమని చెబుదాం. బోర్డు ఉంచే చేయించవచ్చు కదా?"

"ఇల్లు మూయించే అధికారం మనకి లేదు. జరిమానా వేసే అధికారం లేదు. ఈ పథకంలో మన చేతిలో ఉన్నది ఒక్క రేకు ముక్క. అది కూడా అబద్ధం చెప్పడం మొదలెడితే ఇంక మన దగ్గర ఏటుందయ్యా?"

స్క్రూడ్రైవరు తీసుకున్నాను. మెట్లు దిగుతుంటే రైలింగు పట్టుకోలేదు. ఆయన వెనక్కి పిలవలేదు. అప్పుడు తెలిసింది, విషయం ఎంత దూరం వెళ్ళిందో.

మిట్టమధ్యాహ్నం పిన్ని గేటు ముందు నిలబడ్డాను. భిలాయిలో మే నెల మధ్యాహ్నం వీధిలోకి వచ్చేవాళ్ళు ఇద్దరే, చలివేంద్రంలో నీళ్ళు నింపేవాడూ, తప్పు చేసినవాడూ. పిన్ని నన్ను చూసి మజ్జిగ తెచ్చింది. స్క్రూడ్రైవరు చూసి అడగలేదు. పిల్ల మా ఆఫీసుకి వెళ్ళిందని ఆవిడకి తెలుసు.

"నా తప్పేటి బాబూ?" అంది. "చెప్పులిచ్చాను కదా."

"మీ తప్పు కాదు పిన్నీ. నేను రాసింది తప్పు."

"రేపు చరోదా నుంచి ఒక రైల్వే ఆయన వస్తన్నాడు, మూడో గది చూడ్డానికి. ఆయనకి బదిలీ అయిందట, కూతురు డిగ్రీ అయ్యీవరకూ ఇక్కడే ఉంచుతాడట. బోర్డున్న ఇల్లని ఎవరో చెప్తే వస్తన్నాడు." బోర్డు వైపు చూసింది. "ఎల్లుండి దించుకోకూడదేటి?"

ఆవిడ గొంతులో బతిమాలడం లేదు. కూరగాయల బండివాణ్ణి రేపు కాస్త ముందు రమ్మన్నట్టు అడిగింది. అందుకే కాదనడం కష్టమైంది. తల అడ్డంగా ఊపాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసేసుకుంటుందనుకున్నాను. ఒక స్టూలు తెచ్చింది.

"గేటు ఎత్తు. అందదు నీకు."

నేను స్టూలెక్కాను. అది కదలకుండా ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. నేను దించుతున్నది ఆవిడ బోర్డు. ఇంతటి కరుణరస ఘట్టంలో మనిషి ఏదో ఒకటి అనాలి. నేనేమీ అనలేదు, ఎందుకంటే నాలుగో స్క్రూ రాలేదు. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బోర్డు ఒక మూల పట్టుకుని వంకరగా వేలాడుతూ, వడగాలికి గేటుని టకటకా కొడుతోంది. ఎదురింటివాళ్ళ కర్టెను కదిలింది.

"ఉండు" అని పిన్ని లోపలికెళ్ళి గిన్నెలో వంటనూనె తెచ్చింది. వేలితో ఆ స్క్రూకి రాసింది. అయినా రాలేదు.

అప్పుడొచ్చింది పెద్దాయన స్కూటరు. తల మీద ప్లాంటు హెల్మెట్టు, చేతిలో టెస్టరు, ఒక మీటరు పెట్టె. పిన్నికి నమస్కారం పెట్టి మేడ మీదికెళ్ళారు. వెనకే మేమూ వెళ్ళాం. ఆయన కూలరు ప్లగ్గు తీసి, గోడలో మూడు కన్నాల్లో పైదాంట్లో మీటరు పెట్టారు. తల అడ్డంగా ఊపారు. ఆ కన్నంలోంచి ఎర్తు వైరు, లీకైన కరెంటుని తీసుకుని, భూమిలోకి వెళ్ళాలి. ఎటు వెళ్ళిందో చూద్దామని ఆయన గోడ వెంబడే నడిచారు. ఆకుపచ్చ తీగ ఒకటి కిటికీ పక్కనుంచి బయటికొచ్చి, పిట్టగోడ దాకా పోయి, అక్కడ ఒక మందారం కుండీలో మట్టిలోకి దిగింది.

అక్కడితో అయిపోయింది.

"ఇదేటమ్మా?" అన్నారు పెద్దాయన.

"అది మావారు పెట్టిందే" అంది పిన్ని. "ఇల్లు కట్టినప్పుడు ఆ తీగ ఊరికే వేలాడతా ఉంటే తెచ్చి మట్టిలో గుచ్చినారు. 'ప్రస్తుతానికి ఇందులో ఉండనీ, కింద గొయ్యి తవ్వించీస్తాను, అందాకా దీనికి నీళ్ళు మాత్రం మానకు' అన్నారు. ఆ తర్వాత నెలకే పోయినారు. నేను ఒక్కరోజు మానలేదు. ఊరెళ్తే పక్కింటావిడ చేత పోయించీదాన్ని."

"ఎన్నేళ్ళయింది?"

"ఆరు."

పెద్దాయన హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నారు. మందారం ఆ ఎండలో కూడా ఏడెనిమిది పూలతో కళకళలాడుతోంది. ఆ ఊళ్ళో అంత శ్రద్ధగా నీళ్ళు పోయించుకున్న మొక్క ఇంకోటి లేదు. కుండీకి భూమికి మధ్య ఒక అంతస్తు గాలి ఉందన్న ఒక్క లోపం తప్ప, ఆయన చెప్పినట్టే ఆవిడ చేసింది.

"ఆయన చెప్పింది నిజమేనమ్మా" అన్నారు పెద్దాయన చివరికి. "నీళ్ళు పొయ్యాల్సిందే. గొయ్యి ఒక్కటే బాకీ."

పిన్ని తీగ వైపు కాసేపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట అని నేను రాసుకున్నాను, మీరూ అలాగే అనుకోండి. తర్వాత నా వైపు తిరిగింది.

"అయితే బాబూ, ఆ బోర్డు పూర్తిగా తీసీ. వంకరగా వేలాడతా ఉంటే బాగోలేదు."

నూనె నానినట్టుంది, ఈసారి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని పెరట్లో గొయ్యి మొదలైంది. తవ్వడానికి ఒక కూలీని పెట్టారు, పర్యవేక్షణకి పెద్దాయన హెల్మెట్టుతో వచ్చారు, తప్పు చేసినందుకు నేనూ గోతిలోకి దిగాను. బొగ్గు, ఉప్పు, ఒక పైపు తెచ్చాం. గుండెల్లోతు తవ్వేసరికి చరోదా రైల్వే ఆయన గేటు దగ్గర నిలబడి, చేతిలో కాగితం చూసుకుంటూ, "బోర్డున్న ఇల్లు ఇదేనాండీ?" అన్నారు.

గేటు మీద నాలుగు కన్నాలు, మధ్యలో వెలిసిపోని రంగు చతురస్రం.

నేను గోతిలో ఉన్నాను. అబద్ధమో నిజమో చెప్పాల్సింది నేను కాదు. పిన్ని చేతులు కడుక్కుని వెళ్ళింది.

"ఉండీది, నిన్న తీసీసినారండి. పైన కూలరు కరెంటు కొడతాది. ఒక పిల్లకి చెయ్యి విరిగింది. అదుగో, దానికే గొయ్యి తవ్వుతున్నాం. అయ్యాక రండి, చూసి ఇష్టమైతే చేర్చండి. అందాకా మీ అమ్మాయిని పెట్టొద్దు."

ఇంత చెడ్డ ప్రకటన ఏ యజమానీ తన ఇంటి గురించి ఇచ్చి ఉండడు. రైల్వే ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళిపోతారనుకున్నాను. లోపలికొచ్చి గోతిలోకి తొంగి చూశారు.

"ఉప్పు ఎంత వేస్తన్నారు?" అన్నారు.

పెద్దాయన చెప్పారు. అది చాలదని ఆయన, చాలని ఈయన. రైల్వే పద్ధతి వేరు, ప్లాంటు పద్ధతి వేరు. గంటసేపు వాదించుకున్నారు. నేను గోతిలోంచి ఇద్దరి మోకాళ్ళు చూస్తూ విన్నాను. చివరికి ఆయన వెళ్తూ పిన్నితో, "బోర్డులు చాలా చూశానమ్మా. గొయ్యి తవ్వుతున్న ఇల్లు చూడ్డం ఇదే" అన్నారు. కథ ఇక్కడ ఆపితే బాగుండేది. వారం తర్వాత ఆయన బదిలీ రద్దయింది. కూతురు రాలేదు. ఆయన మాత్రం గొయ్యి ఎలా ఉందో చూడ్డానికి రెండుసార్లు వచ్చారు.

పని పూర్తయ్యాక తీగని కుండీలోంచి తీసి గోతిలోకి దింపారు. లీకయితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఒకటి పెట్టారు. మధ్య గది కూలరు వేయగానే ఆ స్విచ్చి టప్పుమని పడిపోయింది. తప్పు కూలర్ స్వభావంలో కాదు, దాని నీళ్ళ పంపులో ఉందని తేలింది. పంపు మార్చారు. మళ్ళీ వేశారు. ఈసారి స్విచ్చి నిలబడింది. పెద్దాయన మీటరు పెట్టి చూసి, సున్నా అన్నారు.

గదిలో ఐదుగురం ఉన్నాం. పెద్దాయన, దీదీ, పిన్ని, ల్యాబ్ అమ్మాయి, నేను. కూలరు తిరుగుతోంది.

"మీరు ముట్టుకోండి ముందు" అంది ల్యాబ్ అమ్మాయి నాతో. "చెప్పులు లేకుండా."

న్యాయమైన కోరికే. పదకొండో అంశం రాసింది నేనే కదా. చెప్పులు విప్పుదామనుకున్నాను. మీటరు సున్నా చూపించడం కళ్ళారా చూశాను. అయినా కాళ్ళు చెప్పుల్లోంచి బయటికి రాలేదు. ఇరవై ఏడేళ్ళ నియమం. వేళ్ళు ముడుచుకుని పట్టీని పట్టుకున్నాయి. పెద్దాయన వైపు చూశాను. ఆయన హెల్మెట్టు సర్దుకుంటున్నారు. దీదీ తలుపు దాకా వెనక్కి జరిగింది. మా ముగ్గురివీ భిలాయి కాళ్ళు.

పిన్ని తన చెప్పులు విడిచి పక్కకి పెట్టింది. ఒట్టి కాళ్ళతో ఆ గచ్చు మీద నడిచి, కూలరు రేకు మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. తీయలేదు.

"ఏమైంది పిన్నీ?" అన్నాను.

"ఏటీ లేదు" అంది. చెయ్యి ఇంకా తీయలేదు. "చల్లగా ఉంది."

మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. పుట్టినప్పటి నుంచీ ప్రతి ఎండాకాలం దాని ముందు పడుకున్నాం గానీ, కూలరు ఒళ్ళు ఎలా ఉంటుందో తెలిసేంతసేపు ఎవరం ముట్టుకోలేదు. ల్యాబ్ అమ్మాయి వెళ్ళి కట్టులేని చెయ్యి పెట్టింది. తర్వాత దీదీ. తర్వాత పెద్దాయన. చివర్న నేను. ఐదుగురం ఒక కూలరు మీద చేతులు పెట్టి నిలబడ్డాం. బయటివాళ్ళెవరైనా చూస్తే ఏదో మతం అనుకునేవారు.

ఆ సాయంత్రం కొత్త స్క్రూలతో బోర్డు మళ్ళీ బిగించాను. స్టూలు పిన్నే పట్టుకుంది. ల్యాబ్ అమ్మాయి ఆ ఇంట్లోనే ఉండిపోయింది, మూడో గదికి తన ఆఫీసు స్నేహితురాల్ని తెచ్చింది. నీలం చెప్పులు వానాకాలం వేసుకుంది.

మా పథకానికి మాత్రం అంత అదృష్టం పట్టలేదు. పెద్దాయన పదకొండో అంశం కొట్టేసి, 'ఎర్తు గొయ్యి చూపించవలెను' అని రాయించారు. దాంతో దరఖాస్తులు ఆగిపోయాయి. సగం ఇళ్ళలో తీగలు గోడల్లోనే ఎక్కడో అంతమయ్యాయి. ఒక ఇంట్లో ఒక మేకుకి చుట్టి ఉంది, మా ఛార్జిషీటు ఫోర్‌మన్‌గారింట్లో. ఆయన మాకే మెమో ఇచ్చారు. ఊరికే ఇచ్చినంతకాలం అందరికీ నచ్చిన గుర్తింపు, ఒక గొయ్యి అడిగేసరికి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎవరినీ బలవంతం చేయకూడదు, అది పథకం పేరులోనే ఉంది. ఏడాది తిరిగేసరికి సంఘం ఆఫీసు ఎత్తేసింది. మా గది కూడా పళ్ళ డాక్టరే తీసుకున్నాడు. ఇప్పుడు నేను స్కూలు బస్సులకి రూట్లు వేస్తున్నాను. నా బల్ల ఉన్నచోట కుర్చీలో ఎవరో నోరు తెరిచి పడుకుంటున్నారు.

అప్పుడప్పుడు స్మృతి నగర్ మీదుగా వెళ్తుంటాను. పిన్ని గేటు మీద బోర్డు అలాగే ఉంది. దాని గడువు ఎప్పుడో తీరింది, ఇచ్చిన ఆఫీసే లేదు. దాన్ని దించే అధికారం ఉన్నవాడు ఈ భూమ్మీద లేడు. అయినా ఆ వీధిలో నిజం చెబుతున్న బోర్డు అదొక్కటే అనిపిస్తుంది. పిట్టగోడ మీద మందారం ఇంకా ఉంది, తీగ లేకుండా.

ప్రతి ఏడూ మే నెల మొదట్లో పిన్ని ఫోను చేస్తుంది. అమ్మ ఎలాగుంది, పెళ్ళెప్పుడు, ఎండలెలాగున్నాయి అన్నీ అడుగుతుంది. చివర్లో గొంతు తగ్గించి అసలు సంగతి అడుగుతుంది, గొయ్యిలో నీళ్ళు ఎప్పుడెప్పుడు, ఎన్ని పొయ్యాలని. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మొదట్లో చెబుతానన్న మాట నేను ఆవిడకిచ్చే జవాబే. ఎండాకాలం ఎర్తు గొయ్యిలో వారానికి రెండు బకెట్ల నీళ్ళు పొయ్యాలి. వానలు పడ్డాక అక్కర్లేదు.